మూత తీయని సూరమ్మ

అనగనగా ఒక అడవిలో పెద్ద గాలివాన వచ్చింది. చెట్ల మీది పళ్ళన్నీ నేలపాలయ్యాయి. బొరియల్లో దాచుకున్న గింజలు నీళ్ళలో కొట్టుకుపోయాయి. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకున్నారు. పిల్లలు ఓర్చుకుంటారా? ఉడతపిల్లలూ, కుందేలుపిల్లలూ, ముంగిసపిల్లలూ పొద్దుటి నుంచీ ఆకలి ఆకలి అని ఒకటే ఏడుపు.

ఆ అడవిలో సూరమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. మాట కటువే గాని మనసు మంచిది.

"ఏడుపులు ఆపండి! ఇన్ని మామిడిపళ్ళు కాళ్ళ కింద పడి ఉంటే ఆకలేమిటి? దెబ్బ తిన్నవి వట్టిగా తింటే కడుపునొప్పి, ఉంచితే రేపటికి కుళ్ళిపోతాయి. పళ్ళ దిబ్బరొట్టె వేసుకుందాం," అంది సూరమ్మ.

"అది నాకు చేతకాదు అత్తా," అన్నాడు కుందేలు చిట్టెయ్య.

"చేతకాకపోవడానికి అందులో ఏముందిరా? పళ్ళు ముక్కలు కోసి కుండ అడుగున పరుచు. పైన తాటిబెల్లం చల్లు. దాని మీద పులిసిన పిండి పొయ్యి. కలపకు! మూత పెట్టి కింద కాసిని నిప్పులు, మూత మీద బోలెడు నిప్పులు వెయ్యి. అంతే. మూత అంచున బెల్లం పాకం బుడగలు కట్టేదాకా మాత్రం మూత తీయకు. తీశావో, పొంగిన పిండి చతికిలబడుతుంది. ఇక ఎవరు లేపినా లేవదు."

సూరమ్మ దగ్గర కొంచెం పులిసిన పిండి మిగిలింది. అది తప్ప అడవిలో ఇక పిండి లేదు. దాన్నే రెండు కుండల్లో పోశారు. ఒక కుండ దగ్గర చిట్టెయ్య కూర్చున్నాడు. రెండో కుండ దగ్గర సూరమ్మ కూర్చుంది.

ఆ అడవికి రాజు చిరుతపులి. మామిడీ బెల్లమూ కలిసి ఉడికే వాసన వెళ్ళి దాని ముక్కుకి తగిలింది. చిరుతపులికి రొట్టెతో ఏం పని అంటారా? నేనూ అదే అంటున్నాను! దానికి కావలసింది రొట్టె కాదు. అడవిలో ఏది ఉడికినా మొదటి ముద్ద తన దగ్గరికే రావాలి. అదీ దాని గొప్ప.

మంత్రి నక్క చిట్టెయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మూత తియ్యి. రాజుగారు రొట్టె తెమ్మన్నారు," అంది.

"ఇంకా ఉడకలేదు మంత్రిగారూ!"

"రాజుగారికే ఎదురు చెబుతావా?"

చిట్టెయ్య భయపడిపోయాడు. మూత తీసేశాడు. పొంగిన పిండి చప్పున కుంగిపోయింది. నక్క ఆ పచ్చిపిండినే ఆకులో వేసుకుని పోయింది.

చిరుతపులి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని థూ అని ఉమ్మేసింది. చిట్టెయ్యని పిలిపించింది. "నాకు పచ్చిపిండి పెడతావా?" అని ఒక్క తన్ను తన్నింది.

పాపం, గోరుచుట్టు మీద రోకటిపోటు! చిట్టెయ్య కుంటుకుంటూ తిరిగివచ్చాడు. "అడగ్గానే తీశానత్తా. అయినా తన్నింది," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో నక్క మళ్ళీ వచ్చింది.

"సూరమ్మా, నీ కుండ మూత తియ్యి."

"తీయను."

"ఇది రాజాజ్ఞ!"

"రాజుగారి ఆజ్ఞకి పిండి ఉడుకుతుందా? ఉడికేటట్టయితే చెప్పు, ఈ నిప్పులు ఆర్పేస్తాను. వెళ్ళి అడిగిరా!"

నక్క వెళ్ళింది. ఈసారి చిరుతపులే వచ్చింది. పిల్లలందరూ సూరమ్మ వెనక నక్కారు.

"మూత తియ్యి," అని గుర్రుమంది.

"తీయను."

"తీయకపోతే నీకు ఈ అడవిలో చోటు లేదు!"

 సూరమ్మ పుట్టిందీ, పెరిగిందీ, పిల్లల్ని కన్నదీ ఇక్కడే. మూత తీస్తే ఇల్లు దక్కుతుంది. కానీ ఈ కుండ కూడా చెడిపోతే పిల్లలు ఆకలితోనే పడుకోవాలి.

"సరే, పోతాను. రొట్టె ఉడికాక పోతాను," అంది సూరమ్మ. కుండకి అడ్డంగా నిలబడి ఒంటి మీది ముళ్ళన్నీ నిక్కించింది. "మూత తీసినవాడికీ తన్నులే, తీయనిదానికీ తన్నులేనా! అయితే పిల్లలకి ఉడికిన రొట్టె పెట్టే ఆ తన్నులు తింటాను. రండి, తన్నండి!"

చిరుతపులి కాలెత్తింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అది. అయినా ముళ్ళు ముళ్ళే కదా! ఎత్తిన కాలు మెల్లగా దించుకుంది.

అప్పుడు చిట్టెయ్య కుంటుకుంటూ వెళ్ళి సూరమ్మ పక్కన నిలబడ్డాడు. "ఇందాక మీ మాట విన్నాను కదా రాజుగారూ, నాకేం ఒరిగింది?" అని అడిగాడు.

మూత అంచున పాకం బుడగలు కట్టింది. సూరమ్మ నిప్పులు దులిపి మూత తీసింది. రొట్టె ఎర్రగా పొంగి ఉంది. పగుళ్ళలోంచి మామిడిరసం ఉబుకుతోంది. పిల్లలందరికీ ఆకుల్లో పెట్టింది. కుండ ఖాళీ అయింది.

"రాజుగారి ముద్ద ఏదీ?" అంది నక్క.

"చిట్టెయ్య కుండలో ఉండేది. మీ రాజుగారే చెడగొట్టుకున్నారు," అంది సూరమ్మ.

"పో! ఇప్పుడే పో!" అని చిరుతపులి గర్జించింది.

"పోతానన్నాను కదా," అని సూరమ్మ ఖాళీ కుండ తీసుకుంది. చిట్టెయ్య రెండో కుండ అందుకున్నాడు. ఉడతలు లేచాయి. ముంగిసలు లేచాయి. అందరూ వరస కట్టి అడవి పొలిమేరలోని వాగు వైపు నడిచారు. సూరమ్మ చిట్టచివర నడిచింది, ముళ్ళు చిరుతపులి వైపు నిలబెట్టుకుని.

"పోతే పోండి! నాకు నా మంత్రి చాలు! ఏమంటావు మంత్రీ?" అని చిరుతపులి పక్కకి చూసింది.

పక్కన ఎవరూ లేరు. నక్క వరస మధ్యలో ఉంది. ఉడతపిల్ల పారేసిన ఆకు నాకుతూ గబగబా నడుస్తోంది.

"మంత్రీ!"

"ఆకలేస్తోంది మహారాజా! మీ దగ్గరుంటే పచ్చిపిండే గతి," అని నక్క వెనక్కి తిరగకుండానే వాగు దాటేసింది.

ఆ అడవికి చిరుతపులి ఇప్పటికీ రాజే. రాజా అని పిలిచేవాళ్ళే లేరు.

నీతి: భయపడి పని చెడగొట్టుకున్నా తన్నులు తప్పవు, అందుకే మంచి పనిని ఎవరు గద్దించినా మధ్యలో వదలకూడదు.