తొట్టిమిట్టకు ఆ పేరు వచ్చిన వైనం

“శౌరమ్మత్తా, ఓ శౌరమ్మత్తా, బిడ్డనెత్తుకుని ముందుకు రా, గురువుగారు నీకోసమే నిలబడ్డారు,” అని ఉపదేశి రాయప్ప పిలుస్తుంటే, మనుమరాలిని గుండెకు హత్తుకున్న ఆ ముసలితల్లి అడుగు పడక గుడి గడప దగ్గరే ఉండిపోయింది.

పూర్వం, పిడుగుదుర్గం కోట బురుజులను మబ్బులు ముద్దాడే రోజుల్లో, సముద్రాలు దాటి వచ్చిన ఒక సన్యాసికి అక్కడి రాజు చల్లని మనసుతో చోటిచ్చాడట. ఆ పుణ్యాత్ముడు నల్లరాతిని ఎనిమిది పలకలుగా తొలిపించి, అంచు చుట్టూ చేపలు చెక్కించి, జ్ఞానస్నానపు తొట్టిని ప్రతిష్ఠించాడు. మంత్రించిన నీరు ఎవరి కాళ్ల కిందా పడకుండా నేరుగా భూగర్భంలో లీనమైపోవాలని దాని అడుగున ఒక బెజ్జం పెట్టించాడు. కాలక్రమాన కోట కూలింది, తొట్టి తంగేడు పొదల్లో మరుగునపడింది, తరాలు గడిచిపోయాయి.

దానిని మళ్లీ లోకానికి చూపిన ధన్యురాలు శౌరమ్మే. దేవదూత కలలో కనిపించి చోటు చెప్పాడని ఆమె అనగానే ఊరంతా బండి కట్టుకుపోయి, పాటలు పాడుకుంటూ దానిని మిట్ట మీది గుడికి తెచ్చుకుంది. ఆనాటి నుంచి ఆమె ఎదురైతే చాలు, జనం చేతులు జోడించేవారు. కాని పాములకు జడిసి ఎవరూ తొంగిచూడని ఆ శిథిలాల్లో పన్నెండేళ్లుగా తన గేదె కుడితి తాగింది అందులోనే. కుడితి కారిపోతోందని బెజ్జాన్ని సున్నంతో పూడ్చింది తన చేతులే. ఒకనాడు పీచుపెట్టి తోముతుంటే పాచి కింద నుంచి రాతిచేప బయటపడింది, అప్పుడుగాని అదేమిటో ఆమెకు తెలియలేదు.

పెంతెకొస్తు పండుగనాడు మొదటి జ్ఞానస్నానం ఆమె మనుమరాలికే అన్నారు. తీరా ఆ ఉదయం తొట్టిని కడిగితే నీళ్లు దిగలేదు. రాయప్ప అడుగున వేలు పెట్టి చూసి, “సున్నం. ఇంకెవడు, సున్నం కాల్చే తోమయ్యే. ఆదివారం గుడికి రానివాడికి ఇలాంటి బుద్ధులే పుడతాయి,” అన్నాడు.

“నా సున్నమైతే ఈపాటికి ఊడిపోయేది బావా, మీ ఇంటి గోడలు చూసుకో,” అని తోమయ్య నవ్వబోయాడు. పెద్దలు అతణ్ణి వెలివేస్తామని గుడి బయట నిలబెట్టారు. ఆ తరువాతే రాయప్ప శౌరమ్మను పిలిచింది.

నేటికీ ఆ మిట్టను తొట్టిమిట్ట అంటారు. తొట్టి అడుగున వెన్నెల తునకలా తెల్లని సున్నపు వలయం నేటికీ అగుపిస్తుంది. ఏటా ఆ పండుగనాడు ముందుగా ఒక గేదెకు అందులో నీళ్లు పెట్టి, తొట్టిని శుభ్రం చేసి, ఆ పిమ్మటనే పసివాళ్లకు జ్ఞానస్నానమిస్తారు. “బాలయేసు పవళించింది పశువుల తొట్టిలోనే గదా అమ్మా,” అని గురువుగారు కళ్లు చెమర్చేలా నవ్వి ఏర్పరిచిన ఆచారమది. అయితే ఆ నవ్వుకు ముందు శౌరమ్మ గడప దిగి, ఒంటరిగా నిలబడ్డ తోమయ్య పక్కకు నడిచి, బిడ్డను అతని చేతుల్లో పెట్టి, ఊరంతా వినేలా ఇలా పలికింది:

“తోమయ్య కాదు స్వామీ, బెజ్జం పూడ్చింది నేను. నాకే దేవదూతా కనబడలేదు. పన్నెండేళ్లు అందులో మా గేదెకు కుడితి పెట్టుకున్నాను, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి కల వచ్చిందన్నాను.”