తలంటు రాజు తొడిగిన గరుడకవచం

తుమ్మెదగిరిని ఏలే కాచభూపాలుడికి ఒళ్లంతా గరుడలోహంతో కప్పుకోవాలని కోరిక పుట్టింది. పుట్టించినవాడు విరూపసిద్ధుడు. సిద్ధుడన్న బిరుదు ఎవరూ ఇవ్వలేదు. తానే తగిలించుకున్నాడు.

"గరుత్మంతుడి గోరు రాలిన చోట పుట్టిన లోహం, ప్రభూ! పిడికెడు కలిపితే చాలు, మామూలు ఇనుము కూడా గరుడలోహమైపోతుంది. దాని మీద బాణం దిగదు, కత్తి ఆనదు" అన్నాడు సిద్ధుడు. మచ్చుకు ఒక రొమ్ముకవచం తెచ్చి చూపించాడు. అది తళతళలాడింది. రాజు మనసు అక్కడే పారేసుకున్నాడు.

"నాకూ, నా పట్టపుటేనుగుకూ నిండా కవచాలు కావాలి. ఏం చెయ్యాలి?"

"ఇనుము కావాలి, ప్రభూ. ఏదిపడితే అది పనికిరాదు. భూమిని చీల్చి చీల్చి రాటుదేలిన నాగటి కర్రులే కావాలి."

కత్తులు కరిగించమంటే సేనాపతి ఊరుకోడు. రైతు అయితే ఏడ్చి ఊరుకుంటాడు. దొంగకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

తొలకరి పడిన వారంలోనే రాజ్యంలోని కర్రులన్నీ కోట ముంగిట్లో గుట్టగా పడ్డాయి. గుమ్మం బయట రైతులు నిలబడ్డారు. వాళ్లలో మైలమ అన్న కూడా ఉన్నాడు. మైలమ రాజుగారి అడపకత్తె. తాంబూలపు పెట్టె పట్టుకుని ఆయన పక్కన నిలబడటం ఆమె కొలువు.

"రేపు కొలిమి రాజేస్తారట. నేల పదును ఆరిపోతోంది మైలమా! ఇప్పుడు విత్తు పడకపోతే ఏడాదంతా గంజికి కూడా గతిలేదే" అన్నాడు అన్న.

"రేపు రాజుగారికి తలంటు కదా, అన్నా."

"ఆయన తలంటుకీ మన నాగలికీ ఏం సంబంధమే?"

"నువ్వు వెళ్లి ఎద్దులకు మేత వెయ్యి. ఎల్లుండి వాటికి పనుంటుంది."

తుమ్మెదగిరిలో ఒక ఆచారం ఉంది. సింహాసనం క్షణమైనా ఖాళీగా ఉండకూడదు. రాజు తలంటుకు పీట మీద కూర్చుంటే, స్నానం ముగిసేదాకా మరొకరు కిరీటం పెట్టుకుని సింహాసనం ఎక్కాలి. అతణ్ణి తలంటు రాజు అంటారు. అంతసేపూ రాజు అతనే, ఆజ్ఞ అతనిదే. మామూలుగా రాజుగారి ముసలి మేనమామ ఆ పని చేసేవాడు. అంటే, కూర్చుని గుర్రు పెట్టేవాడు.

మర్నాడు సభామండపం పక్క వసారాలో పీట వేశారు. మైలమ తాంబూలం అందిస్తూ అంది:

"ఏలికా, బాణం వేసి చూడకుండానే కొత్త కవచం తొడుక్కుంటారా? చేసినవారినే ఒకసారి తొడుక్కోమనండి."

సిద్ధుడు మండిపడ్డాడు. "ఆకులు చుట్టుకునేదానికి లోహాల సంగతెందుకే? గరుడలోహం రాజు ఒంటి మీదే పనిచేస్తుంది. మామూలు మనిషి తొడిగితే ఉత్త రేకు!"

"అలాగా, స్వామీ! నా తెలివి ఆకూవక్కల దాకానే" అని మైలమ చేతులు జోడించింది. "ఇంకో మాట, ప్రభూ. మేనమామగారు దగ్గుతో మంచం పట్టారు. ఈ పూట సింహాసనం మీద ఎవరు? ఇంతటి మహానుభావుడు ఎదురుగా ఉండగా వెతకడమెందుకు?"

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. పొగడ్త తలకెక్కినవాడికి ముందున్న గొయ్యి కూడా గద్దెలాగే కనిపిస్తుంది. రాజు తల ఊపాడో లేదో, సిద్ధుడు మొహం చేటంత చేసుకుని మెట్లు ఎగబాకాడు. పురోహితుడు కిరీటం పెట్టాడు. భటులు "జయము జయము" అన్నారు.

"మహారాజా! బోసి రొమ్ముతో ఏం బాగుంటారు? ఇదిగో, తమరు తెచ్చిన కవచం ధరించండి" అంది మైలమ.

మహారాజా అన్న పిలుపుకు సిద్ధుడు ఉబ్బిపోయాడు. తన చేతులతోనే కవచం బిగించుకున్నాడు.

"బయ్యనా, ఇక విల్లు ఎక్కుపెట్టు!" అంది మైలమ భటుల్లో ఉన్న విలుకాడితో.

రాజు నూనె కారుతున్న తల ఎత్తాడు. "ఏమిటే ఇది?"

"పరీక్ష, ప్రభూ. ఇప్పుడు కవచం రాజు ఒంటి మీదే ఉంది కదా!"

రాజుకు మీసాల చాటున నవ్వొచ్చింది. "కానివ్వు బయ్యనా" అన్నాడు.

అల్లెతాడు చెవిదాకా సాగింది. సిద్ధుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఆగరా! నేను రాజును! నా ఆజ్ఞ, విల్లు దించు!"

బయ్యన మైలమ వంక చూశాడు. ఆమె తాపీగా అంది:

"తమరు రాజైతే బాణం దిగదు, భయం వద్దు. రాజు కాకపోతే తమ ఆజ్ఞ చెల్లదు. రెండింట్లో ఏదో తమరే సెలవివ్వండి!"

సిద్ధుడు సింహాసనం మీదే గొంతుక్కూర్చుని చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"వెయ్యకు నాయనా! ఇది తగరం పూసిన రాగిరేకు! కవచాలకు ఇలాంటి రేకే పెట్టి, ఆ కర్రుల ఇనుము పొరుగు రాజ్యంలో అమ్ముకుందామనుకున్నాను!" అంటూ మెట్లు దిగబోయాడు.

"అయ్యో, అప్పుడే దిగకండి మహారాజా! ఏలింది కాసేపే అయినా, ప్రజలకు పనికొచ్చే ఆజ్ఞ ఒకటి ఇచ్చి దిగండి" అంది మైలమ.

"ఇచ్చెయ్యండి! ఎవరి కర్రు వాళ్లకు ఇచ్చెయ్యండి!" అని సిద్ధుడు గావుకేక పెట్టాడు.

గుమ్మం బయటి రైతులు ఆ కేక విని లోపలికి దూసుకొచ్చారు. సభ అంతా గొల్లున నవ్వింది. నవ్వీ నవ్వీ కాచభూపాలుడి కళ్లలోకి నూనె దిగింది.

"ఆ గుట్టనంతా వీడి నెత్తి మీదే మోయించి ఊరూరా చేర్పించండి!" అని, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూనే వేలి ఉంగరం తీసి మైలమ చేతిలో పెట్టాడు. నూనె వేలు కాబట్టి సులువుగా వచ్చింది. పొడి వేలైతే, ఆ రాజు దగ్గర్నుంచి అది అంత తేలిగ్గా ఊడేది కాదు.