ఎర్ర తూనీగ మీది మంచు

కిరీటికి ఒక్కచోట కుదురుగా నిలబడడం చేతకాదు. కాలు కాలిన పిల్లికైనా కాసేపటికి నొప్పి తగ్గుతుందేమో గానీ, ఇతనికి అదీ లేదు. అలాంటివాడు ఏ పెళ్ళిళ్ళ ఫొటోలో తీసుకుంటే పోయేది. పోయి పోయి తూనీగల వెంట పడ్డాడు.

తెనాలి దగ్గర మూతబడ్డ ఇటుక బట్టీల గుంటలున్నాయి. వాటిలో వాననీళ్ళు నిలిచి, తుంగ మొలిచి, ఎటు చూసినా తూనీగలే. పురుగూ పుట్రా దగ్గరగా ఫొటో తియ్యడంలో దిట్టగా పేరున్న మస్తాన్ వలీ మాస్టారు తన శిష్యుల్ని అక్కడికే తీసుకొస్తారు. ఏటా వానాకాలం చివర్లో ఆయన స్టూడియో గోడ మీద శిష్యుల ఫొటోలు ప్రదర్శనకు పెడతారు. తలకొక మేకు, మేకుకొక ఫొటో. తేలేకపోయినవాడి మేకు పీకరు. అలాగే ఖాళీగా ఉంచుతారు. అది మాస్టారి పద్ధతి.

కిరీటి మేకు చేరిననాటి నుంచీ ఖాళీయే. పోయిన ఏడు వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. గోడంతా ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, "నీదేదిరా నాయనా?" అంది. కిరీటి ఆ మేకు చూపించాల్సి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

తూనీగల సంగతులు అతనికి తెలియనివి లేవు. ఒక్కో కంట్లో వేల చిన్న కళ్ళుంటాయని, అందుకే వెనక నుంచి వెళ్ళినా కనిపెట్టేస్తుందని, కావాలంటే వెనక్కి కూడా ఎగరగలదని చెప్పేవాడు. నీళ్ళలో పురుగై పెరిగి, ఒకనాడు తుంగకాడ పట్టుకుని పైకొచ్చి, వీపు చీల్చుకుని రెక్కలు విప్పుకుంటుందని అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అన్నీ తెలుసు, తూనీగ మాత్రం దొరకదు. ఇతను కెమెరా ఎత్తేలోపు అది లేచేది. లేచిందాని వెంట ఇతను పరిగెత్తేవాడు. ఇంటికొచ్చి చూసుకుంటే మోకాళ్ళ దాకా బురద, కెమెరా నిండా ఉత్త తుంగకాడలు.

ఈ ఏటి ఫొటోలు ఇవ్వడానికి ఆ ఆదివారమే ఆఖరు.

అందుకని శనివారం సాయంత్రం ఒక పని చేశాడు. తుంగలో నిద్రకు చేరిన ఎర్ర తూనీగనొకదాన్ని వలతో పట్టి, మూతకు బెజ్జాలు పొడిచిన డబ్బాలో వేసి, తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. చల్లబడితే తూనీగ కదలలేదు. ఇదీ అతను చదివిందే.

"ఫ్రిజ్‌లో పురుగేందిరా!" అని తల్లి మొత్తుకుంది.

"ఒక్క రాత్రికేనమ్మా. నీకోసమే" అన్నాడు. అతనికి నిజంగానే అలా అనిపించింది.

పొద్దున డబ్బాను ఐసుముక్కల మధ్య పెట్టి గుంటల దగ్గరికి తెచ్చాడు. తూనీగను గట్టు నీడలోని ఒక తుంగకాడకు తగిలించాడు. అది బొమ్మలా కూర్చుంది. చల్లటి ఒంటికి గాలిలోని తడి పట్టి, రెక్కల నిండా సన్నటి నీటిబొట్లు పేరుకున్నాయి. రెక్కల్లోని ఈనెలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడేలా ఫొటో తీశాడు. తీశాక కూడా నిలవలేక గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు.

మాస్టారు వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. కిరీటి ఎదురు పరిగెత్తి కెమెరా చూపించాడు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది అబ్బాయ్. మంచు బాగా పడిందే."

"అవును మాస్టారూ."

మాస్టారు తలెత్తి చూశారు. తుంగంతా పొడిపొడిగా ఉంది. గుంట మీద తూనీగలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఈ ఎర్రది ఒక్కటే హరికథ వింటున్నట్టు కదలకుండా కూర్చుంది.

"భాద్రపదంలో, ఈ ఎండలో," అన్నారు మాస్టారు, "దీని ఒక్కదాని మీదే పడినట్టుంది."

కిరీటి వంగి కాలి బురద గీక్కున్నాడు. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

ఆయన కోప్పడతారని ఎదురుచూశాడు. ఆయన తుంగ దగ్గరికి వెళ్ళి, తూనీగను వేలితో తాకి, మెల్లగా తీసి కిరీటి అరచేతిలో పెట్టారు. అతని మెడలోని కెమెరా తీసి తన మెడలో వేసుకున్నారు.

"కాస్త దీన్ని పట్టుకో. నేను టీ తాగుతా."

"మాస్టారూ, మరి ఫొటో..."

"ఫొటో యాడికి పోద్ది? ఇందులోనే ఉందిగా."

మాస్టారు పగిలిన ఇటుకల కుప్ప మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పారు.

కిరీటి చెయ్యి చాచి నిలబడ్డాడు. మెడ మీద చెమట కారింది. చెవి దగ్గర దోమ పాడింది. కాలు మార్చుకోబోతే చెయ్యి కదిలింది, తూనీగ పక్కకు ఒరిగింది. దాంతో కాలు ఉన్నచోటే ఉంచాడు. అంతలో నీలం తూనీగ ఒకటి వచ్చి మూరెడు దూరంలో పుల్ల మీద వాలింది. అలాంటి వెలుతురు, అంత దగ్గర! కెమెరా మాస్టారి మెడలో ఉంది. కిరీటికి ఏడుపొచ్చినంత పనైంది.

ఎర్ర తూనీగ మాత్రం ఉలకదు, పలకదు.

చచ్చిపోయిందా? తన నీడే దాని మీద పడుతోందని అప్పుడు చూసుకుని, అడుగులో అడుగేసి ఎండవైపు తిరిగాడు. వంగి నోటి ఆవిరి పట్టాడు. ఇది చచ్చిపోతే రేపు ఆ ఫొటో ముందు నిలబడి వాళ్ళమ్మ నవ్వుతుంది, పక్కవాళ్ళకు చూపించుకుంటుంది. ఆ నవ్వు అతను చూడలేడు. "లే," అన్నాడు మెల్లగా, "లేవవే తల్లీ."

చాలాసేపటికి ఒక కాలు కదిలింది. తర్వాత ఇంకొకటి. ఆ సన్నటి కాళ్ళు చర్మాన్ని పట్టుకున్నాయి. తూనీగ తల అటొకసారి ఇటొకసారి తిప్పి, ముందుకాలితో కన్ను తుడుచుకుంది, నిద్రలేచిన పసిపిల్లలా. తర్వాత రెక్కలు వణకడం మొదలైంది. రెక్కలు వణికించి తూనీగ ఒళ్ళు వేడి చేసుకుంటుందని అతను ఎందరికో చెప్పాడు. ఆ వణుకు అరచేతికి ఎలా తెలుస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

వేలు ఎక్కింది. కొస దాకా నడిచింది. రివ్వున లేచిపోయింది.

కిరీటి గట్టిగా ఊపిరి వదిలాడు. చెయ్యి దించడం కూడా మరిచిపోయాడు.

తూనీగ నీళ్ళ మీద ఒక చుట్టు తిరిగి, గాల్లోనే ఏదో చిన్న పురుగును పట్టుకుని, వెనక్కొచ్చింది. వచ్చి అదే వేలి కొసన వాలి నమలసాగింది. ఎండకు దాని ఒళ్ళంతా పండు మిరపకాయలా మెరుస్తోంది.

మాస్టారు టీ పక్కన పెట్టి లేచారు. మెడలోంచి కెమెరా తీస్తూ రెండడుగులు ముందుకు వేశారు.

"ఇంత బాగా మళ్ళీ ఎప్పుడు కూర్చుంటదో ఏమో. ఎడమ చేత్తో తీస్తావా? ఇవ్వనా?"

కిరీటి చూపు తిప్పలేదు.

"ష్... కదలకండి మాస్టారూ. ఇంకా తింటోంది."