దివాన్ గారి బండి గడియ

దివాన్ గారు భార్యను ఎక్కడికి తీసుకెళ్లినా పాత గూడుబండిలో కూర్చోబెట్టి, తలుపు గడియకు బయట తాళం వేసేవారు. ఒకనాడు సంతలో ఆయన తాళంచెవి పోగొట్టుకున్నారు. కమ్మరి ఓబులమ్మ తాళం పగలగొట్టి అమ్మగారిని బయటికి దింపింది.

“కొత్త తాళానికీ చెవికీ నాలుగు వరహాలవుతాయి దొరా.”

“ఈ ముసలి బండికా? చవకలో తేల్చవే!”

“ఇంతకీ తాళం ఎందుకు దొరా?”

సంతంతా చెవులు రిక్కించింది. దివాన్ గారు మీసం దువ్వారు. “దొంగల భయానికే! ఇంకెందుకు?”

ఓబులమ్మ పాత గడియనే ఊడదీసి తలుపుకు లోపలివైపు బిగించింది. “దొంగలొచ్చేది బయటినుంచే కదా దొరా! ఇక చెవితో పనే లేదు.”

అమ్మగారు బండెక్కి గడియ వేసుకున్నారు. దివాన్ గారు తలుపు బాదారు.

“తెరవవే, నేనే!”

“దొంగలూ అలాగే అంటారండీ,” అన్నారు అమ్మగారు లోపలినుంచి.