మూడు పాల పాయసం

గోగులకొండ కింద సపోటా తోట ఒకటి ఉంది. అన్నదమ్ములు దానికోసం తగువులాడుకుని కోర్టుకెక్కారు. వాళ్ళ తగువు తెగలేదు గానీ కాపలా మనిషి కొలువు తెగింది. అతను పోతూ పోతూ పాకలో ఒక రోలు, పొయ్యి, నాలుగు కుండలు వదిలిపోయాడు. మనుషులు కొట్టుకుని వదిలేసిన చోట జంతువులు సుఖంగా కాపురం చేస్తాయి. ఆ పాకలోకి పోలమ్మ అనే గేదె చేరింది. రెండు కరువులు దాటి వచ్చిన గేదె. ఎండు పరక కోసం కోసుల దూరం నడిచిన గేదె. అందుకే దేన్నీ పారేయదు, దేనికీ బెదరదు.

తోటకి పైన నున్నటి బండ. బండ ఎక్కితే గుహ. ఆ గుహలో గుబురయ్య అనే ఎలుగుబంటి కాపురం. ఎంత వాన కురిసినా లోపల చుక్క పడదు కాబట్టి కొండ మీద అందరి కన్నూ దాని మీదే. ఆ కొండకి ఒక కట్టుబాటు ఉంది. మృగశిర కార్తె వచ్చిన రోజు పొద్దు కుంకే వేళకి గుహలో ఎవరుంటే, ఆ వానాకాలమంతా గుహ వాళ్ళది. మా తాత ఉన్నాడు, ముత్తాత ఉన్నాడు అంటే చెల్లదు. లోపల ఒళ్ళు ఉండాలి. తీర్పు చెప్పేది ముళ్ళపంది సూదయ్య. ఆయనతో వాదించడానికి దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు.

కొండకి అవతలి పక్క బంగారయ్య అనే నక్క ఉండేవాడు. పేరు బంగారం, బుద్ధి ఇత్తడి. అతని బొరియలోకి ఏటా వాన నీళ్ళు వచ్చేవి. పెళ్ళాం సణిగేది, అత్తమామలు ఎత్తిపొడిచేవాళ్ళు. గుహ కావాలి, కానీ గుబురయ్యతో కలబడితే ఎముక మిగలదు. బలంతో గెలవలేని వాణ్ణి బెల్లంతో గెలవాలని బంగారయ్య లెక్క వేసుకున్నాడు.

ఊరి చివర చెరకు గానుగ ఆడుతోంది. బెల్లం వండిన పెనం అంచులకి అంటుకున్న పాకాన్ని బంగారయ్య రోజూ గోకి తెచ్చేవాడు. దాన్ని పేలాలతో ఉండలు చుట్టి గుబురయ్య ముందు పెట్టేవాడు. "బావా, నీలాంటి వాడు పుట్టల వెంట తిరిగి చెదలు తినడమేమిటి? కూర్చో, నేను తెస్తాను" అనేవాడు. అడవిలో వరసలు నోటికొచ్చినట్టు కలుస్తాయి. తీపి పెట్టిన ప్రతివాడూ బావే.

మాఘమాసం నుంచి చైత్రం దాకా గుబురయ్య కూర్చున్నాడు. కూర్చుని తిన్నాడు. తిని పడుకున్నాడు. మూడు నెలలకి పళ్ళు పుచ్చాయి, పొట్ట నేలకి ఆనింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చింది. ఒకరోజు బండ ఎక్కబోయి సగంలో జారి, దొర్లుకుంటూ వచ్చి అడుగున పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ జారాడు. మూడోసారి ఎక్కే ఓపిక లేక ఆ రోజు నుంచి బండ కిందే పడుకోవడం మొదలుపెట్టాడు. గాలి బాగుందని అందరికీ చెప్పుకున్నాడు.

ఇంతలో గానుగ ఆగిపోయింది. చెరకు అయిపోయింది, పాకమూ అయిపోయింది. మృగశిరకి ఇంకా యాభై రోజులు. ఇన్ని రోజులు పాకం అందకపోతే ఎలుగుబంటి చిక్కిపోయి మళ్ళీ బండెక్కుతాడేమోనని బంగారయ్యకి బెంగ పట్టుకుంది. గుబురయ్యకి వేరే బెంగ. నాలుక లాగుతోంది. తీపి వాసన ఎక్కడొస్తుందా అని ముక్కు పైకెత్తుకుని తిరుగుతూ తిరుగుతూ పోలమ్మ పాక ముందుకొచ్చి కూలబడ్డాడు.

"అత్తా, తియ్యగా ఏమైనా ఉందా?"

"రాగి జావ ఉంది."

"జావా? నాకేమైనా జ్వరమా? జావ తాగితే జావగారిపోతాను."

"ఇప్పుడు గట్టిగానే ఉన్నావా, అల్లుడా? నువ్వు బండ మీంచి జారిన చప్పుడుకి నా కుండ పగిలింది."

గుబురయ్య మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

జావ పేరు చెప్పగానే మొహం తిప్పుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. కరువులో ఎన్ని ప్రాణాలు ఆ కుండ అంచున నిలబడ్డాయో వీళ్ళకి తెలియదు. జావ రోగం వస్తే తాగేది కాదు, రోగం రాకుండా తాగేది. అయినా ఆకలి తెలియని నాలుకకి నీతులు చెబితే వింటుందా? పోలమ్మ నీతులు చెప్పే రకం కాదు. వంట చేసే రకం.

ఆ సాయంత్రమే రాగులు నానబోసింది. మర్నాడు మెత్తగా రుబ్బి, గుడ్డలో వేసి పిండి, రాగి పాలు తీసింది. ఆ పాలు సన్న మంట మీద అడుగంటకుండా కాచింది. చల్లారాక మచ్చలు పడి మెత్తబడిన అరటిపళ్ళు, చెట్టు మీదే మగ్గిన సపోటాలు, గింజ తీసిన ఈతపళ్ళు వేసి రోట్లో నూరింది. కొబ్బరి పాలు పోసింది. తన పాలతోనే తోడుపెట్టిన పెరుగు రెండు గరిటెలు కలిపింది. నీడన ఎండబెట్టిన మునగాకు పొడి చారెడు వేస్తే పచ్చదనం సపోటా రంగులో మునిగిపోయింది. రెండు యాలకులు, ఒక్క ఉప్పు రవ్వ. ఉప్పు ఎందుకంటే, పండులో ఉన్న తీపిని బయటికి లాగేది ఉప్పే. చేయి తిరిగిన వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది. కుండని తడి ఇసుకలో పాతి చల్లబరిచి, మూత తీసేసరికి అచ్చం బెల్లం పాయసం రంగు, బెల్లం పాయసం వాసన. బెల్లం మాత్రం పలుకు లేదు.

వాసన కొండ దాకా పోయింది. గుబురయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"ఇదేమిటత్తా?"

"పాయసం."

అంతే. ఇంకేమీ అడగలేదు. ఒక దొప్ప తాగాడు, దొప్ప నాకాడు, దొప్ప అంచు కొరికాడు. ఇంకో దొప్ప అడిగాడు. పోలమ్మ అప్పుడు తన షరతు చెప్పింది. తన ఇంట్లో రుబ్బినవాడికే గిన్నె. పొద్దున్నే వచ్చి రాగులు రుబ్బాలి, ఊట దగ్గరికి ఎక్కి రెండు కుండల నీళ్ళు తేవాలి. అప్పుడే దొప్ప, అదీ రెండు పూటలే. గుబురయ్య గొణిగాడు, తల గోక్కున్నాడు, కుండలు ఎత్తుకున్నాడు. తీపి కోసం మూడు నెలలు కూర్చున్నవాడు అదే తీపి కోసం లేచి నడిచాడు.

ఎలుగుబంటి రోజూ పోలమ్మ ఇంట్లో పాయసం తాగుతున్నాడన్న కబురు కాకుల ద్వారా బంగారయ్యకి చేరింది. అతని బెంగ ఎగిరిపోయింది. తను చేయాల్సిన పని ముసలి గేదె చేస్తోంది. అయినా నక్క కాబట్టి నక్కలాగే ఆలోచించి, సరిచూసుకోవడానికి పాకకి వచ్చాడు. రుచి చూస్తానన్నాడు. పోలమ్మ ఒక గరిటెడు పోసింది. బంగారయ్య కళ్ళు మూసుకున్నాడు. తన పాకం ఉండలకి జన్మలో రాని రుచి అది.

"ఇందులో ఏమేం వేశావత్తా?"

పోలమ్మ వరసగా చెప్పింది. రాగులు, అరటిపండు, సపోటా, ఈతపండు, కొబ్బరి, పెరుగు, మునగాకు. ఒక్కటి దాచలేదు.

బంగారయ్య మీసాల చాటున నవ్వాడు. "బెల్లం ఎంత?"

"బెల్లం లేదు."

"నెయ్యి?"

"లేదు."

"సరేలే అత్తా, చెప్పకు. వంట మర్మం ఎవరు మాత్రం చెప్తారు?"

దారి పొడుగునా తనకి తనే చెప్పుకున్నాడు. ముసలిది గట్టి పిండం. మునగాకు వేసిందట, మునగాకు వేస్తే పాయసం అవుతుందా? ఇంత రుచి రావాలంటే తక్కువలో తక్కువ అచ్చు బెల్లం, సోలెడు నెయ్యి పడి ఉండాలి. తనైతే అలాగే దాచేవాడు, కాబట్టి ఆమె కూడా అలాగే దాచిందని తీర్మానించుకున్నాడు. అబద్ధాలాడేవాడికి ఉన్న పెద్ద జబ్బు ఇదే. ఎదుటివాడు నిజం చెప్పినా మింగుడుపడదు.

మర్నాటి నుంచి బంగారయ్య పోలమ్మకి సాయం మొదలుపెట్టాడు. వాగు దాటి ఈతపళ్ళు తెచ్చాడు. తోట అవతలి చివరి నుంచి మగ్గిన సపోటాలు ఏరి తెచ్చాడు. నాలుక బయటపెట్టుకుని, తోక వాలేసుకుని, ఎండలో నలభై రోజులు కూలివాడిలా మోశాడు. "బావకి బాగా పెట్టు అత్తా, పాపం నీరసంగా ఉన్నాడు" అనేవాడు. పోలమ్మ తల ఊపి, ఇంకో గంప చూపించేది. పెళ్ళాం అడిగితే, ఒక్కొక్క సపోటా మన గుహకి ఒక్కొక్క రాయి అని చెప్పేవాడు.

ఎలుగుబంటికి ఒంటి నిండా జుట్టే. దాని కింద కొవ్వు ఉందో, కండ ఉందో పైకి తెలియదు. పొద్దెక్కాక గంపతో వచ్చే బంగారయ్యకి ఎప్పుడు చూసినా అదే నల్లటి గుట్ట కనిపించేది. లోపల గుట్ట కరుగుతోంది. పదిహేను రోజులకి పంటి నొప్పి తగ్గింది. నెలకి ఊట దగ్గరికి ఆగకుండా ఎక్కాడు. ఒక తెల్లవారుజామున ఎవరూ లేకుండా చూసి బండ ఎక్కి గుహ మొహం చూసి దిగొచ్చాడు. వచ్చి పోలమ్మ ముందు నిలబడ్డాడు. పోలమ్మ అతణ్ణి మెచ్చుకోలేదు. నక్క ఊరికే గంపలు మోయడని ఆమెకి తెలుసు. మృగశిర దాకా ఎవరి ముందూ ఎక్కొద్దని, రోజూ బండ కిందే పడుకోమని, ఆరోజు మాత్రం మధ్యాహ్నమే వెళ్ళి సొంత ఇంట్లో నడుం వాల్చమని చెప్పింది.

మృగశిర వచ్చింది. బంగారయ్య ఇంట్లో పెళ్ళి సందడి. అత్తమామలు, బావమరుదులు, వేలువిడిచిన పినతండ్రి, అందరూ దిగారు. గుహలో పరవడానికి ఎండు గడ్డి మోపులు కట్టారు. ఎండ తగ్గాక వెళ్దామని బంగారయ్య తీరిగ్గా చెప్పాడు. తొందరేముంది? అడ్డొచ్చేవాడు కదలలేడు. పొద్దు వాలుతుండగా ఊరేగింపు బయల్దేరింది. బండ కింద గుబురయ్య పడుకునే చోటు ఖాళీగా ఉంది. పాయసం కోసం పోయి ఉంటాడని బంగారయ్య నవ్వాడు, చుట్టాలూ నవ్వారు. సాక్ష్యానికి సూదయ్య ముళ్ళు సర్దుకుంటూ వెనకాలే వచ్చాడు.

అందరూ బండెక్కి గుహ ముందుకి చేరేసరికి పెద్ద చప్పుడు. బంగారయ్య మామ ఆకాశం వైపు చూసి, గృహప్రవేశం వేళకి ఉరిమింది, శుభం అన్నాడు. మళ్ళీ చప్పుడు. అత్తగారు దండం పెట్టింది. మూడోసారి చప్పుడు వచ్చేసరికి సూదయ్య చెవి ఒగ్గి విన్నాడు.

"బంగారయ్యా, ఉరుము ఊపిరి పీల్చుకోదు. ఇది గురక."

గుహలోంచి నల్లటి తల ఒకటి ఆవులిస్తూ బయటికొచ్చింది. "బావా, చుట్టాలొచ్చారా? రండి రండి. లోపల చోటు చాలదనుకో, మర్యాదకి పిలుస్తున్నాను."

పొద్దు కుంకింది. సూదయ్య తీర్పు చెప్పాడు. ఒక్క మాట, అంతే. చుట్టాలు గడ్డి మోపులు అక్కడే పడేసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దిగిపోయారు. దిగేటప్పుడు పెళ్ళాం ఒక్కటే అడిగింది, ఆ సపోటాలన్నీ ఎవరికి మోశావని.

బంగారయ్య తిన్నగా పోలమ్మ పాకకి వచ్చాడు. కోపంతో తోక నిక్కబొడుచుకుంది.

"మోసం చేశావత్తా. పాయసం అన్నావు."

"పాయసమే. పాలతో వండేదాన్ని పాయసమనే అంటారు. రాగి పాలు, కొబ్బరి పాలు, నా పాలు. మూడు రకాల పాలు పోశాను."

"మరి బెల్లం లేదని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావు, లేదని చెప్పాను. నువ్వే చెప్పకులే అన్నావు."

బంగారయ్య పక్కనున్న గంపని ఒక్క తన్ను తన్నాడు. ఇంకాసేపటికి మొదటి చినుకు పడింది. బొరియలోకి నీళ్ళు దిగేలోగా అడ్డుకట్ట వేసుకోవాలి కాబట్టి, ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని బురదలో పరుగెత్తాడు.

నిజాన్ని దాచడానికి మూత అక్కర్లేదు, వినేవాడు అతితెలివిగలవాడైతే చాలు.