పొగపన్ను

అనగా అనగా ఒక ముసురు పట్టిన ఉదయం. సన్నటి వాన. శంఖపురంలో ఇంటింటి కప్పు మీదా పొగ లేస్తోంది. కొండమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. అంతలో వీధిలో దండోరా.

"వినండహో! నేటి నుంచి ఏ ఇంట పొగ లేస్తే ఆ ఇల్లు రోజుకో మానెడు గింజలు కట్టాలహో!"

దండోరా వేయించిన రాజు పేరు చండసేనుడు. పొలానికి పన్ను వేశాడు. బావికి పన్ను వేశాడు. ఇక మిగిలింది పొగ.

కొండమ్మ మొగుడు నాగన్న మెత్తని మనిషి. ఊరి తరఫున కోటకు వెళ్ళి దణ్ణం పెట్టాడు.

"మహాప్రభూ, పంట పోయింది. పిల్లలకే గంజి చాలడం లేదు."

రాజు నవ్వాడు. "పొగ లేకపోతే పన్నూ లేదు. వండుకోవడం మానెయ్యండి!"

ఎదురు మాట్లాడాడని నాగన్నను చెరలో వేయించాడు.

కబురు విని కొండమ్మ గోడకు చేరగిలబడింది. ఏడవలేదు. చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసేసింది.

"అదేంటొదినా, పొయ్యి ఆర్పేశావు?" అంది పక్కింటి సుబ్బులు.

"రాజుగారే మానెయ్యమన్నారుగా. మానేశా."

సుబ్బులు తన పొయ్యి వైపు తిరిగింది. తనూ చెంబు అందుకుంది. "పోన్లే, మా ఆయనకి నా వంట బాధ తప్పింది."

మధ్యాహ్నానికి ఊళ్ళో ఏ కప్పు మీదా పొగ లేదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు భటులకు ఈటె ఇస్తాడు, కూడు పెట్టడు. ఎవరి ఇంటి సద్దిమూట వారికి మధ్యాహ్నం కోట గుమ్మానికి రావాలి. పొగ మీద పన్ను వేసేటప్పుడు ఆ సంగతి రాజుకు గుర్తే లేదు.

ఆడవాళ్ళందరూ వచ్చారు, ఖాళీ గిన్నెలతో. కోట గోడ మీది భటుల్లో కొండమ్మ కొడుకు ఎర్రన్న ఉన్నాడు.

"అమ్మా, సద్దేదీ?"

"పొగ లేనిదే అన్నం ఎలా ఉడుకుతుంది నాయనా? గాలి తిని బతకమంటాడేమో, మీ రాజునే అడుగు."

గోడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు మేడ మీద నుంచి అరిచాడు.

"తరమండి! కదలనివాళ్ళను పొడవండి!"

కోట తలుపు తెరుచుకుంది. భటులు వచ్చారు. ఎర్రన్న ఈటె తల్లి ఎదుటికొచ్చి ఆగింది. కొండమ్మ తన కూతురు ముత్యాల్ని వెనక్కి నెట్టుకుంది. తను కదలలేదు.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావురా?" అంది.

ఎర్రన్న కళ్ళు నిండాయి. "లేదమ్మా."

ఈటె నేలకు దించాడు. పక్కవాడు దించాడు. ఆ పక్కవాడూ దించాడు. సేనాపతి కత్తి దూయబోయి ఆగాడు. ఖాళీ గిన్నెతో వాళ్ళమ్మ కూడా అక్కడే ఉంది.

తెరిచిన తలుపు మళ్ళీ మూతపడలేదు. జనం చెర తెరిచారు, గాదెలు తెరిచారు. రాజు కిరీటం గద్దె మీద వదిలి దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. ఎవరూ తరమలేదు.

"ఇంకో రాజును వెతుకుదామా?" అన్నాడు సేనాపతి.

"ఎందుకయ్యా? వీధికొకరం కూర్చుని మాట్లాడుకుంటే పోలా?" అంది సుబ్బులు.

అలాగే కూర్చున్నారు.

సాయంత్రానికి వాన వెలిసింది. కప్పుల మీద మళ్ళీ పొగ లేచింది. కొండమ్మ గుమ్మంలో నిలబడి లెక్క పెట్టుకుంది. ముత్యాలు వచ్చింది. ఎర్రన్న వచ్చాడు. ఆఖరున, కుంటుకుంటూ, నాగన్న వచ్చాడు. మరోసారి లెక్క చూసుకుని, అప్పుడు అన్నం వార్చింది.

పిల్లలూ, పదిమంది కూటి మీద నిలిచిన కోట, ఆ పదిమంది పొయ్యి ఆరిన నాడు నిలవదు.