గేటు ముందు గీతలు

జూట్ మిల్లు మూతపడి నూట పది రోజులైంది. మర్నాడు పొద్దున్నే కార్మికులు కలెక్టరు ఆఫీసుకి కాలినడకన బయలుదేరుతున్నారు. ఆరు రోజుల నడక. వాళ్లతో పాటు నడిచి ఫొటోలు తీసేది సలోమి ఒక్కతే. ఏ పత్రికా మనిషిని పంపలేదు.

గురువు కరీముల్లా మొన్ననే తన పాత రేంజ్‌ఫైండర్ కెమెరా ఆమె చేతికిచ్చి, అయిదు లెన్సులు బల్ల మీద పెట్టాడు. "రెండే తీసుకో. నువ్వు వెళ్లేది నడవడానికి, మూటలు మొయ్యడానికి కాదు."

రెండు రోజులైనా ఆమెకి ఏ రెండో తేలలేదు. కిందటి నెల మిల్లు గేటు దగ్గర లాఠీలు లేచినప్పుడు ఆమె లెన్సు మారుస్తూ ఉండిపోయింది. కొత్తది బిగించేసరికి అంతా అయిపోయింది. ఎవర్నీ కొట్టలేదన్నారు పోలీసులు తర్వాత. కాదనడానికి ఒక్క ఫొటో లేదు.

"మళ్లీ అలా జరిగితే కార్మికులకి మొహం చూపించలేను మాస్టారూ. ఏ రెండో మీరే చెప్పండి."

"ఇంకా బల్ల దగ్గరే ఉన్నావా? వాళ్లు కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో అడిగావా? కెమెరా అక్కడ పెట్టి రా."

దారిలో ఆయన ఒక ఇటుక ముక్క ఏరుకున్నాడు. మిల్లు గేటు ముందు కార్మికుల టెంటు చూపించి, "వెళ్లి మాట్లాడు" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు ఆ మిల్లులో నార వడికిన పైడితల్లి ఆమెని చూసి నవ్వింది. "ఏటమ్మా, ఒట్టి సేతుల్తో ఒచ్చినావు? మా మొకాలు సూసి సూసి ఇసుగొచ్చేసినాదేటి?"

సలోమి నవ్వుతూ ఆమె ముందు ఆగింది. కరీముల్లా వంగి, సలోమి చెప్పుల ముందు సిమెంటు మీద గీత గీశాడు.

"ఈ సాయిబు గారికి ఏటైనాదమ్మా?"

"ఈ పిల్ల కొలత తీస్తున్నాను తల్లీ, నువ్వు మాట్లాడు."

టీ కాస్తున్న సింహాచలం ముందు ఆమె ఆగిన చోట ఇంకో గీత. అట్టల మీద నినాదాలు రాస్తున్న ఆడవాళ్ల ముందు మరొకటి. ప్రతి గీతా మనిషికి రెండంగల దూరం.

గేటు చివర ఒక ముసలాయన ఊచలు పట్టుకుని, లోపల ఆగిపోయిన మిషన్లని చూస్తూ ఏడుస్తున్నాడు. సలోమి అటు వెళ్లబోయి, పది అంగలు ఉండగానే ఆగిపోయింది. కరీముల్లా అక్కడా గీశాడు.

"దగ్గరికి వెళ్లవేం?" గద్దించాడు.

"ఆయన పిలవలేదు మాస్టారూ."

కరీముల్లా ఇటుక ముక్క పారేసి చేతులు దులుపుకున్నాడు.

మాస్టారి ఇంటికి రాగానే సలోమి కూర్చోకుండానే రెండు లెన్సులు తీసింది. దగ్గరి మనుషులకి ముప్ఫై అయిదు ఎం.ఎం.ది. దూరం నుంచి చూడాల్సిన వాళ్లకి తొంభైది. సంచి భుజానికి వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"వందనాలు మాస్టారూ." ఆమె బల్ల వైపు తిరిగి చూసింది. "ఇన్నేళ్లు మీరు వాడినవి. మిగతా మూడూ వదిలి వెళ్తుంటే తప్పు చేస్తున్నట్టుంది."

కరీముల్లా ఆ మూడింటినీ మెత్తటి గుడ్డలో చుట్టాడు.

"అవి నేను నిలబడ్డ చోట్లమ్మా. నువ్వు నీ చోట నిలబడు."